భోగిపళ్ల వయసు దాటిన ఇంట్లో సంక్రాంతి

అమ్మా, మీరు అడిగింది రెండుసార్లు చదువుకున్నాను. అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది, హాస్టల్లో ఉన్నాడు, జనవరిలో పరీక్ష ఉందని పండక్కి రానన్నాడు. అమ్మాయికి 14 నిండాయి, తెల్లవారుజామున లేచి ముగ్గు వేయనంటోంది, గొబ్బెమ్మల పేడ ముట్టనంటోంది. భోగిపళ్లు పోయడానికి ఇంట్లో చిన్నపిల్లలు లేరు. ఎవరి కోసం ఇంత చాకిరీ, ఈ ఏడాదికి అరిసెలు కొనుక్కొచ్చి, గుమ్మానికి తోరణం కట్టి ఊరుకుంటే తప్పా అన్నారు.

తప్పేమీ లేదు. అరిసెల సంగతి తర్వాత చెప్తాను.

మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లె. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి డాలస్‌లో, అబ్బాయి హైదరాబాద్‌లో, చిన్నమ్మాయి బెంగళూరులో ఉన్నారు. మీరు ఇప్పుడున్న చోట నేను మూడుసార్లు నిలబడ్డాను, ఒక్కో బిడ్డకూ ఒక్కోసారి. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి కోప్పడ్డాను, మూడోసారికి కాస్త తెలివి వచ్చింది.

అసలు తెలివి మా అత్తగారిది. 1991 భోగి సాయంత్రం. మా పెద్దదానికి అయిదు నిండి ఆరో ఏడు నడుస్తోంది, తమ్ముడు ఇంకా తప్పటడుగులు వేస్తున్నాడు. మా ఇంట్లో భోగిపళ్లు అయిదేళ్ల వరకే. కొందరు పన్నెండేళ్ల దాకా పోస్తారు, ఎవరి ఆనవాయితీ వాళ్లది. పేరంటాళ్లంతా వచ్చారు. రేగుపళ్లు, చెరకు ముక్కలు, నానబెట్టిన సెనగలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి పళ్లెంలో పెట్టాను. తమ్ముణ్ణి పీట మీద కూర్చోబెట్టేసరికి ఇది వచ్చి పక్కన చతికిలబడింది. లే, నీకు అయిపోయిందన్నాను. ఇక చూడండి, ఇల్లెగిరిపోయేలా ఏడుపు. నేను లాక్కెళ్లబోతుంటే మా అత్తగారు నన్నాపి, దాని చేతికి పళ్లెం ఇచ్చి, 'ఇప్పటిదాకా నీకు పోశాం, ఇక నువ్వు పొయ్యాలి. తమ్ముడికి దిష్టి తీసేది నువ్వే' అన్నారు. అది కళ్లు తుడుచుకుని, పిడికిలితో మూడుసార్లు తిప్పి, తమ్ముడి నెత్తిన పోసింది. మరుసటి ఏడు రేగుపళ్లు ఏరే పని కూడా దానిదే అయింది. పురుగున్న పండు ఒక్కటి కూడా పళ్లెంలోకి పోకుండా చూసేది.

ఆవిడ బడి గడప తొక్కలేదు. బీయీడీ చేసి, పిల్లల మనస్తత్వ శాస్త్రం పరీక్ష రాసి పాసైన నాకు ఆ క్షణాన తోచనిది ఆవిడకు తోచింది. పండగలో ప్రతి వయసుకూ ఒక పని ఉంటుంది. ఒక పని వయసు తీరిపోతే చేతికి ఇంకోటి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పిల్ల పండగలో చుట్టంలా తిరుగుతుంది, కొన్నాళ్లకు చుట్టంలాగే వెళ్లిపోతుంది.

ఆ తర్వాత పదేళ్లు మాకు ఏ గొడవా లేదు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సంక్రాంతిలో పని కొదవా! ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచీ గొబ్బెమ్మలు, వాటికి గుమ్మడిపూలు. ఎండిన గొబ్బెమ్మల పిడకలు కొన్ని భోగి మంటకు, కొన్ని రథసప్తమినాడు పరమాన్నం వండే పొయ్యికి. మా వైపు పిల్లలు ప్రత్యేకంగా గారెల్లా చిల్లు పెట్టి చిన్న చిన్న పిడకలు చేసి, తాడుకు గుచ్చి దండ కడతారు. ఎవరి దండ పొడుగో అని వీధంతా పోటీ. మా అబ్బాయి పేడ దొరక్క పక్కింటి దూడ వెనకాల సత్తుగిన్నె పట్టుకుని తిరిగిన రోజులున్నాయి. ఇదంతా మీ ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో జరిగే ఉంటుంది, ఎక్కువ చెప్పను.

కష్టం మొదలయ్యేది మీ అమ్మాయి వయసులోనే.

మా పెద్దమ్మాయికి 16 ఏళ్లప్పుడు, భోగికి రెండు రోజుల ముందు, వంటింట్లోకి రమ్మని పిలిచాను. రాలేదు. మళ్లీ పిలిచాను. గుమ్మంలో నిలబడి అంది కదా, 'పండగంటే నీకు చాకిరీ, నాన్నకు సెలవు. నన్ను ఎటువైపు రమ్మంటావ్?' అని. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. కానీ చేతిలో పాకం గరిటె ఉంది, పాకం ముదిరిపోతుందేమోనని ఆగాను. ఆగబట్టి ఆలోచించాను. అది అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుంది? మూడు రోజులూ నేను పొయ్యి దగ్గర. మా వారు, మరుదులు పేకాట దగ్గరో, కోడిపందేల బరి దగ్గరో. (కోడిపందేలు చట్టం ఒప్పే పని కాదు. ఏటా పోలీసులు హెచ్చరిస్తూనే ఉంటారు, ఏటా బరులు లేస్తూనే ఉంటాయి. అది వేరే కథ.) పన్నెండేళ్లు దాటగానే ఆడపిల్లను వంటింట్లోకి, మగపిల్లాణ్ణి వీధిలోకి పంపిస్తాం. పిల్ల ఈ లెక్క చూసి, పండగ పెరిగేకొద్దీ తనకు మిగిలేది ఏమిటో అర్థం చేసుకుంటుంది. దాన్ని మనం బద్ధకమంటాం, ఫోన్ పిచ్చి అంటాం. మా రోజుల్లో ఫోన్ లేదు కాబట్టి నవలల పిచ్చి అన్నాను.

ఆ రాత్రి మా వారికి ఆ మాట చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే పెరట్లో రాగి కాగు కింద మంట పెట్టి, అందరి తలంట్లకూ నీళ్లు కాచి ఉంచారు. అప్పటినుంచి భోగి మంట, కాగు నీళ్లు, కనుమ నాడు మినప్పప్పు రుబ్బడం ఆయన పనులు. గారెలు వేయడం కూడా నేర్చుకున్నారు, చిల్లు మాత్రం ఇప్పటికీ ఒక పక్కకే పోతుంది. ఆ మార్పు చూశాక అమ్మాయి వచ్చి అరిసెల చెక్కలు పట్టుకుంది. నేను పిలవలేదు.

కాబట్టి మీ అమ్మాయి చేత ముగ్గు వేయించడం ఎలాగో ఆలోచించే ముందు, మీ ఇంట్లో భోగినాడు ఎవరు ఎన్నింటికి లేస్తారో ఒకసారి లెక్క చూసుకోండి.

ఇంకొకటి ఉంది. మీరు రాయలేదు, అయినా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ వయసు ఆడపిల్లకు నెలసరి పండగ రోజుల్లో వస్తే మీ ఇంట్లో ఏం చేస్తారు? మా చిన్నమ్మాయికి బొమ్మల కొలువంటే ప్రాణం. మాకు మూడు రోజులూ కొలువు ఉంటుంది. అయిదు మెట్లు, పైన దేవుళ్లు, కింద కొండపల్లి అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, మా అత్తగారి కాలం నాటి ఏటికొప్పాక లక్కపిడతలు. ఎనిమిదేళ్లప్పుడు అది తన బార్బీ బొమ్మను తెచ్చి సీతమ్మ పక్కన పెట్టింది. నేను తీయబోతే మా అత్తగారు, 'ఉండనీవే, దూరం నుంచి వచ్చిన పేరంటాలు' అన్నారు. అంత ఇష్టమున్న పిల్ల, 14వ ఏట సరిగ్గా భోగినాడే దూరమైంది. కొలువు ముట్టుకోకూడదు, ఆ గదిలోకి రాకూడదు అన్నాను. మూడు రోజులూ వీధి అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. వచ్చిన పేరంటాళ్లందరికీ అది అక్కడెందుకు కూర్చుందో తెలుసు, వాళ్లకు తెలుసని దానికీ తెలుసు. మరుసటి ఏడు కొలువు పెడదాం రామ్మా అంటే, నువ్వే పెట్టుకో అంది. ఆ తర్వాత అయిదేళ్లు చెయ్యి వేయలేదు. పేడ వాసన అనేవి, చలి అనేవి పైకి చెప్పే సాకులు కావచ్చు. నేను ఆ పద్ధతి ఆలస్యంగా మానుకున్నాను. మీ ఆచారం మీది, మీరే తేల్చుకోవాలి. కానీ కారణం అక్కడుంటే మందు ఇంకెక్కడో వెతక్కండి.

సరే, ముగ్గు. తెల్లవారుజామున లేవాలన్న షరతు వదిలేయండి. అపార్ట్‌మెంట్ అయితే ముందురోజు రాత్రి పదింటికి వేసినా కొంపలేమీ మునగవు. 15 చుక్కలు, 8 దాకా సందు చుక్క అని మీరు మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నదే వేయాలని లేదు. గుమ్మం ముందు జాగా మొత్తం దానిది, రంగులకు డబ్బులు దాని చేతికివ్వండి, ఏం వేసినా నోరెత్తకండి. మా వీధిలో ఒక అమ్మాయి నిరుడు పిల్లి బొమ్మ వేసి, పిల్లి నెత్తిన గొబ్బెమ్మ పెట్టింది. ముసలమ్మలందరూ ముక్కున వేలేసుకున్నారు, కానీ దాన్ని చూడ్డానికి మా ఇంటి ముందునుంచే వెళ్లారు. ఒక్క జాగ్రత్త. వేసిన వెంటనే ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టి 'మా అమ్మాయి వేసింది' అని రాయకండి. దానికి ఇష్టమైతే అదే పెట్టుకుంటుంది.

'మేం పోయాక ఇవన్నీ ఎవరు చేస్తారే' అనే మాట కూడా వద్దు. నేను చాలాసార్లు అన్నాను, ఒక్కసారీ పని చేయలేదు.

ఇక అబ్బాయి. ఇక్కడ నా అనుభవం పాతది, ఒప్పుకుంటాను. మా వాడి రోజుల్లో ఎంసెట్ మే నెలలో ఉండేది, సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులు తిని పడుకుని వెళ్లేవాడు. 2019 నుంచి, మధ్యలో కరోనా ఏళ్లు తప్పిస్తే, జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు పెడుతున్నారు, మొదటిది జనవరిలోనే. 2024లో 24న, 2025లో 22న మొదలైంది. అంటే కనుమ అయిన వారానికే పరీక్ష. ఇంట్లో పండగ, పుస్తకంలో పరీక్ష, పిల్లవాడికి రెండిట్లోనూ మనసుండదు. మా తోడికోడలి మనవడి విషయంలో ఇదే జరిగింది. పండగకి రాకపోతే ఎలా అని తాతయ్య పట్టుబట్టి పిలిపించాడు. రానూ పోనూ రెండు రోజులు బస్సుల్లో, ఉన్న రెండు రోజులూ వచ్చిన ప్రతి చుట్టం 'ఎంత వస్తుంది, ర్యాంకెంత' అని అడగడమే. కుర్రాడు సంక్రాంతి మధ్యాహ్నం కంచం ముందు నుంచి లేచి డాబా మీదకెళ్లి కూర్చున్నాడు.

ఈ ఒక్క ఏడాదికి వాణ్ణి వదిలేయండి. వదిలేయడమంటే మర్చిపోవడం అనుకునేరు. పండగకు నాలుగు రోజుల ముందే మీరు వెళ్లండి. హాస్టల్ వాళ్లు అనుమతిస్తే ఒక పూట బయటికి తీసుకెళ్లి తలకు నూనె పెట్టి, కొత్త చొక్కా ఇచ్చి, రూములో వాళ్లందరికీ సరిపడా జంతికలు, సున్నుండలు ఇచ్చి రండి. వాడొక్కడికే ఇస్తే వాడికి ఒక్కటి కూడా మిగలదు, హాస్టల్ సంగతి తెలిసిందే కదా. రెండుసార్లు రాస్తే ఎక్కువ స్కోరునే లెక్కలోకి తీసుకుంటారన్న మాట గుర్తుచేయండి, కానీ ఒక్కసారే. పండగనాడు వీడియో కాల్ చేసి ఇంట్లో అందరికీ ఫోన్ తిప్పకండి. మీరిద్దరూ రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేయండి.

వచ్చే ఏడాది వాడు వస్తాడు. కానీ వేరే మనిషి వస్తాడు, అందుకు సిద్ధంగా ఉండండి. ఉద్యోగాల్లో చేరాక మరీను. అప్పుడు పండగ పంచాంగంలోంచి రైల్వే క్యాలెండర్‌లోకి మారుతుంది. మా అబ్బాయికి సంక్రాంతి సెప్టెంబరులో మొదలయ్యేది, 120 రోజుల ముందు రిజర్వేషన్ తెరిచేవాళ్లు కాబట్టి. 2024 నవంబరు నుంచి దాన్ని 60 రోజులు చేశారు, ఇప్పుడు నవంబరు రెండో వారంలో పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. అమలాపురానికి ఇంకా రైలు లేదు, రాజమండ్రిలో దిగి మళ్లీ బస్సు. టికెట్ దొరకని ఏడాది కారులో బయల్దేరి విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర నుంచి ఫోన్ చేస్తాడు, 'అమ్మా, ఇక్కడే భోగి చేసుకునేలా ఉన్నాం' అని. అంత కష్టపడి వచ్చిన మనిషి మొదటి రోజంతా పడుకుంటాడు. నేను మొదట్లో నొచ్చుకునేదాన్ని. ఇప్పుడు ఆ రోజు వంట తగ్గించి, తలుపు దగ్గరగా వేస్తాను.

కనుమ నాడు మాత్రం లేస్తాడు. మా దగ్గర మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు మంది శివయ్యలు, ప్రభల మీద వచ్చి ఆ తోటలో కలుస్తారు. వెదురుతో ఎత్తుగా కట్టి రంగుబట్టలతో అలంకరించిన ప్రభలను కుర్రాళ్లు భుజాల మీద మోస్తారు, గంగలకుర్రు ప్రభలైతే కౌశిక కాలువ దాటి రావాలి. మా వాడు చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజాలెక్కి చూశాడు. 19 ఏళ్లప్పుడు తనే భుజం పట్టాడు, మూడు రోజులు చొక్కా వేసుకోలేకపోయాడు. ఇప్పుడు నడుం నొప్పి, ప్రభ పక్కన నడుస్తూ 'అశ్శరభ' అంటాడు, వాడి భుజాల మీద వాడి కొడుకుంటాడు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కవాతులో మన రాష్ట్రం శకటంగా ఈ ప్రభల తీర్థాన్నే పెట్టారు. డాలస్‌లో అది చూసి మా పెద్దమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. ఇక్కడున్న రోజుల్లో జనం తోపులాట అని ఒక్కసారీ వచ్చేది కాదు!

పిల్లల పెళ్లిళ్లయ్యాక అసలు తగువు వస్తుంది, మీకు ఇంకా టైముంది కానీ చెవిన వేసుకోండి. ఎవరింటి పండగ? మా కోడలిది వరంగల్. మొదటి ఏడాది కొత్త అల్లుడు అక్కడికి రావాలని వియ్యాలవారు, సంక్రాంతి పెద్దల పండగ, వాళ్ల నాన్న తర్పణాలు వదిలేటప్పుడు కొడుకు ఇక్కడ ఉండాలని మేము. రెండు వైపులా మొహాలు ముడుచుకున్నాయి. తేల్చింది కోడలే. 'అత్తయ్యా, మా అమ్మకు సంక్రాంతికి నేను లేకపోయినా పర్వాలేదు, సద్దుల బతుకమ్మకు లేకపోతే తట్టుకోలేదు' అంది. ఇంకేముంది, బతుకమ్మ, దసరా వరంగల్లో, సంక్రాంతి ఇక్కడ. ఆంధ్ర, తెలంగాణ వియ్యమందిన ఇళ్లలో చాలామంది ఇలాగే పంచుకోవడం చూశాను. ఇద్దరికీ సంక్రాంతే పెద్ద పండగైన చోట మాత్రం ఏడాది విడిచి ఏడాది తప్ప మార్గం లేదు. అది పెళ్లయిన మొదటి ఏడే మాట్లాడుకోవాలి, పిల్లలు పుట్టాక మాట్లాడితే బంధువుల సభ అవుతుంది.

కోడలు వస్తూ సకినాలు తెచ్చింది. అవి మన చక్కిలాల్లాంటివేనని నేననుకుని, ఇంట్లో చేసేటప్పుడు పిండి గొట్టంలో పెట్టి వత్తబోయాను. అది నవ్వి, తెల్లబట్ట పరిచి, నువ్వులూ వామూ కలిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య సన్నగా తిప్పుతూ చుట్టలు చుట్టింది. నాకు ఇప్పటికీ రాదు, రెండో చుట్టులోనే తెగిపోతుంది. మా మనవడికి సకినాలు లేని సంక్రాంతి సంక్రాంతి కాదు. వాడు పెద్దయ్యాక 'మా నాయనమ్మ ఊళ్లో అనాదిగా సకినాలు చేస్తారు' అని చెప్తాడు చూడండి. అటు చిన్నమ్మాయి బెంగళూరు నుంచి ఎళ్లు బెల్ల పంపిస్తుంది, నువ్వులు, బెల్లం, పల్లీలు, ఎండుకొబ్బరి కలిపి. కొబ్బరి అంబాజీపేట నుంచి నేను పంపిందే, తిరిగి మా ఇంటికే వస్తుంది.

డాలస్ సంగతి. మేము ఇక్కడ తెల్లవారుజామున 5 గంటలకు మంట వేస్తే వాళ్లకు ముందురోజు సాయంత్రం 5:30. మొదట్లో ఇది పెద్ద చిక్కు అనుకున్నాం. ఇప్పుడు అదే కలిసొచ్చింది. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి మా మంట స్క్రీన్ మీద మండుతుంటుంది. అసలు పండగ మాత్రం వాళ్లు జనవరి మూడో సోమవారం, మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసొచ్చే వారాంతంలో చేసుకుంటారు. భోగిపళ్లలో రేగుపళ్లు దొరక్క పెద్దమ్మాయి క్రాన్‌బెర్రీలు కలిపింది. నిజం పిడకలుండాలి కదా అని నేను సూట్‌కేసులో నాలుగు పెట్టబోతే కేకలేసింది. 2021లో వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయంలో ఎవరో వదిలేసిన పెట్టెలో పిడకలు దొరికితే, గాలికుంటు వ్యాధి భయంతో అక్కడి అధికారులు వాటిని నాశనం చేశారట. నా పరువూ అలాగే పోతుందన్నమాట.

తేదీ మార్చి చేసుకుంటే అది పండగేనా అని మా ఆడపడుచు వాదన. నేను ఆవిడకు వివేకానందుడి పుట్టినరోజు గుర్తుచేశాను. ఆయన పుట్టింది మకర సంక్రాంతి నాడు, 1863 జనవరి 12న. ఇప్పుడు సంక్రాంతి 14నో 15నో వస్తోంది. మన సౌరమానానికీ ఇంగ్లీషు క్యాలెండర్‌కీ ఉన్న చిన్న తేడా వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతూ వచ్చింది. సూర్యుడే ఇంగ్లీషు తేదీకి కట్టుబడనప్పుడు నా కూతురు శనివారం దాకా ఆగితే తప్పేమిటన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు లెండి.

అరిసెలు. నేను పదికిలోల బియ్యం పోసిన రోజులున్నాయి. ఒకటిన్నర రోజు నానబెట్టి, తడి ఆరకుండా పిండి కొట్టించి, కిలోకు ముప్పావు కిలో బెల్లం చొప్పున ఉండపాకం పట్టి, రాత్రి రెండింటి దాకా వత్తి వేయించి, మర్నాడు పండక్కి మొహం వేలాడేసుకుని కూర్చునేదాన్ని. నిరుడు పిల్లలు ముగ్గురినీ విడివిడిగా అడిగాను, చిన్నప్పటి సంక్రాంతిలో ఏం గుర్తుందర్రా అని. పెద్దది, 'లేవండర్రా, మంట ఆరిపోతోంది' అన్న నాయనమ్మ గొంతు అంది. వాడు, భోగిపళ్ల చిల్లర ఏరుకుని అక్క దగ్గర అప్పు తీర్చిన సంగతి చెప్పాడు. చిన్నది, పొగమంచులో గంగిరెద్దు కనబడకముందే సన్నాయి వినబడేది అంది. ఒక్కళ్లూ అరిసె అనలేదు. నాకు కాస్త ఉడుకుమోత్తనం వచ్చిన మాట నిజమే. ఈ ఏడాది కిలో చేశాను, దేవుడికీ మనవడికీ. మిగతావి కొన్నాం. కాబట్టి మీరు నిశ్చింతగా కొనుక్కోండి.

భోగిపళ్లు మాత్రం మానకండి. మీ ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే మీ మెట్ల మీద, మీ వీధిలో ఉండరా? మా పిల్లలు ఎదిగాక, మనవలు పుట్టకముందు మాకూ ఖాళీ ఏళ్లు వచ్చాయి. అప్పుడు మా ఇంట్లో అద్దెకున్నవాళ్ల పాపకు, కొబ్బరికాయలు దింపే అతని ఇద్దరు పిల్లలకు, మా పీట మీదే కూర్చోబెట్టి పోశాం. వాచ్‌మన్ పిల్లలుంటే వాళ్లను పిలవండి. రేగుపళ్లు ముందురోజు సాయంత్రం తెచ్చి పెట్టుకోండి, మరీ పండినవి వద్దు, నెత్తిన చితుకుతాయి. రూపాయి బిళ్లలు పెద్దపిల్లలున్నప్పుడే కలపండి, రెండేళ్ల లోపు వాళ్లుంటే నోట్లో పెట్టుకుంటారు. పళ్లెం మీ అమ్మాయి చేతికివ్వండి. పోయమని చెప్పక్కర్లేదు, పిల్లలు ఎదురుగా పీట మీద కూర్చుంటే అదే తిప్పుతుంది. ముందు పళ్లు ఏరమనండి, పురుగువి ఎక్కువ ఉంటున్నాయి ఈమధ్య.